ఫ్లెక్సీ మీద జర్మనీ.. క్లాసులో ఏముంది?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు.. నరసరావుపేట, మాచర్ల, గురజాల సెంటర్లలో నర్సింగ్ ఫ్లెక్సీలు వెలుస్తాయి. ‘విదేశీ సంస్థలతో ఒప్పందం’, ‘జర్మనీలో ఉద్యోగం’ అని పెద్ద పెద్ద అక్షరాలు. అది చూసి అర ఎకరం అమ్మయినా పిల్లను చేర్పిద్దామనుకునే తల్లిదండ్రులూ ఉన్నారు. అవకాశం ఉన్నమాట నిజమే. ప్రపంచంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదికే చెప్పింది. కానీ కాలేజీకి ఒప్పందం ఉండటం వేరు, అది మీ చదువుకు అక్కరకు రావడం వేరు.

విదేశీ భాగస్వామ్యం మనకేమీ కొత్త కాదు. అమెరికా నుంచి డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లోనే గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ మహిళలు, పిల్లల కోసం ఆసుపత్రి తెరిచారు. మన అమ్మాయిలు నర్సులుగా శిక్షణ పొందారు. అప్పుడు వాళ్లు తెలుగు నేర్చుకుని పనిచేశారు. ఇప్పుడు మనం జర్మన్ నేర్చుకుని వెళ్లాలి. రోగి మాట అర్థం కానిదే నర్సు పని సాగదు.

ఒప్పందం ఎలా ఉండాలో కేరళను చూస్తే తెలుస్తుంది. అక్కడి ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ 2021 డిసెంబరులో జర్మనీ ప్రభుత్వ ఉపాధి సంస్థతో ‘ట్రిపుల్ విన్’ ఒప్పందం చేసుకుంది. ఎంపికైన నర్సులకు బీ1 స్థాయి దాకా భాషా శిక్షణ ఉచితం. వెళ్లాక అక్కడి గుర్తింపు పొందే వరకు తోడ్పాటు ఉంటుంది. అంటే ఎవరు ఏం చేయాలి, ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద ఉంది.

ఇక్కడ మన విద్యార్థులు మరిచిపోయే సంగతి ఇంకొకటుంది. భాగస్వామ్యమంటే మనం నేర్చుకోవడమే కాదు, నేర్పడం కూడా. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలుసు. వడదెబ్బ తగిలిన కూలీని ఎలా కాపాడాలో ఇక్కడి పీహెచ్‌సీలో చూసిన విద్యార్థికి తెలుస్తుంది. 2003లో వడగాలులకు ఒక్క ఫ్రాన్స్‌లోనే దాదాపు 15 వేల మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది వృద్ధులే. వృద్ధుల సంరక్షణ వాళ్ల దగ్గర మనం నేర్చుకుందాం, ఎండను తట్టుకునే పద్ధతులు మన దగ్గర వాళ్లు నేర్చుకుంటారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగే పల్లెల్లో, చెంచు గూడేల్లో, తండాల్లో చేసే కమ్యూనిటీ పోస్టింగ్‌ను ‘రికార్డు రాసేస్తే సరిపోతుంది’ అనుకోకండి. రేపు ఏ దేశం వెళ్లినా మీ చేతిలో ఉండే పని అదే.

అందుకే చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? ఒప్పందం కాగితం చూపిస్తారా? భాషా క్లాసులు ఏ ఏడాది నుంచి, ఎవరు చెబుతారు? క్లినికల్, గ్రామీణ పోస్టింగ్ నిజంగా ఎన్ని గంటలు? జవాబు నీళ్లు నములుతూ వస్తే పక్కకు తప్పుకోండి. ఏజెంటు ద్వారా వెళ్లేవాళ్లు ఈ-మైగ్రేట్‌లో అతని రిజిస్ట్రేషన్ చూసుకోవాలి. సర్వీసు ఛార్జి కింద రూ.30 వేలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదని నిబంధన ఉంది. మన రాష్ట్రంలో ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది, ముందు అక్కడ కనుక్కోండి.

కాలేజీలకూ ఒక మాట. ఫోటోలు దిగే ఒప్పందాలు చాలు. ఒక జర్మన్ టీచరును పెట్టండి, మంచి స్కిల్ ల్యాబ్ కట్టండి, పిల్లల్ని ఊళ్లలోకి పంపండి. అప్పుడు విదేశం వెళ్లిన నర్సు నిలదొక్కుకుంటుంది. వెళ్లనివాళ్లు కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరుగా మన పల్లెనే కాపాడతారు. రెండూ గెలుపే.