తెరచి యుండవలసిన తలుపు

ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వబోవు వానిని జూచి లోకము నవ్వును. మన పట్టణపు పనిచోటుల స్థితిని పరిశీలించితిమేని ఆ నవ్వు మనకే తగులును. 2022 మార్చి మొదలు 2023 మార్చి వరకు, ఒక్క సంవత్సర కాలమున, సికింద్రాబాదు ప్రాంతమున సంభవించిన మూడు అగ్నిప్రమాదములను మాత్రమే స్మరింతము. 2022 మార్చి 23వ తేదీ తెల్లవారుజామున బోయిగూడలోని తుక్కుసామాను గోదాముపై నిద్రించుచుండిన బీహారు కూలీలు 12 మందిలో 11 మంది మరణించిరి, దుమికినవాడొక్కడు బ్రతికెను. అదే యేడు సెప్టెంబరు 12వ తేదీ రాత్రి, క్రింద విద్యుత్ స్కూటర్ల విక్రయశాల, పైన వసతిగృహము గల కట్టడమున క్రింద బుట్టిన నిప్పు మెట్లదారిని పొగగొట్టముగ మార్చెను, ఎనమండుగురు పోయిరి. 2023 మార్చి 16వ తేదీ సాయంకాలము స్వప్నలోక్ భవనమున కొలువు నిమిత్తము చేరిన యువతీయువకులార్గురు పొగలో నూపిరాడక కన్నుమూసిరి.

పై 25 మందిని విధి తీసికొనిపోయినదని యూరకుండుట మాకు సమ్మతము కాదు. నిప్పు పుట్టుట యొక కారణము. నిప్పు పుట్టిన పిదప మనుష్యునకు వెలికి దారి లేకపోవుట వేరొక కారణము. మొదటిదానిని పూర్తిగ నివారింప లేమేమో గాని రెండవది సంపూర్ణముగ మన చేతిలోనిది. జ్వాల కంటె ముందు పొగ వచ్చును. పొగ మెట్లవెంట పైకెక్కును. కొద్ది నిమిషములలో కన్ను గానక, ఊపిరి యాడక, నిత్యము నడచు గదిలోనే మనుష్యుడు దారి తప్పును. అట్టి వేళ కాళ్లు తమంతట తాము నడువవలసిన దారిని ముందుగనే వానికి నేర్పి యుండవలెను.

ఈ మాట దోమలగూడ వాసులకును, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోకనగర నివాసులకును విశేషించి చెప్పవలసి యున్నది. ఒకనాటి నివాసగృహములు నేడంతస్తులు పెంచుకొని క్రింద అంగడియు, నడుమ కార్యాలయమును, పైన విద్యార్థి వసతియు నైనవి. అందరికి మెట్లదారి యొక్కటే; ఆ మెట్లక్రిందనే విద్యుత్ మీటరులు, వానిప్రక్కనే మోటారు బండ్లు, అట్టపెట్టెలు. వెనుకతలుపున్నచో దొంగల భయమున దానికి తాళము. ఆ తాళపుచెవి యెవరియొద్ద నున్నదో పనివారిలో పదుగురకు తెలియదు.

నిప్పొక్కటియే కాదు, నీరును మనకు శత్రువే. హుస్సేను సాగరమునకు దిగువ నున్న పేటలు మనవి. ఆ చెరువు మిగులు కాలువ మన వీధుల నడుమనే పోవుచున్నది. 2000 ఆగస్టు 24వ తేదీన ఒక్క దినమున 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పు డీ పల్లపు ప్రాంతములు మునిగినవి. 2024 జూలై 27వ తేదీన ఢిల్లీలో శిక్షణాలయపు సెల్లారులోని చదువుగదిలోనికి వరదనీరు జొరబడి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. ఉద్యోగపరీక్షలకు చదువు యువజనులతో నిండిన అశోకనగరమున కీ వార్త పరాయిది కాదు.

పరికరములు కొని గోడకు తగిలించినంత మాత్రమున సిద్ధపాటు కలుగదు. 2020 మే 7వ తేదీన విశాఖపట్టణమున ఎల్‌.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి విషవాయువు వెడలి 12 మంది మరణించినప్పుడు, ప్రమాదఘంటిక యుండియు మ్రోగలేదని రాష్ట్ర ప్రభుత్వము నియమించిన సంఘమే తేల్చినది. ఘంటయున్నది, మ్రోగించు నభ్యాసము లేదు. 1948 నాటి కర్మాగారముల చట్టము తన 38వ సెక్షనులో తప్పించుకొను మార్గముల నుంచుటయే గాక, పనివారల కా మార్గములు పరిచితములై యుండవలెననియు విధించినది. చట్టముల పేర్లు మారవచ్చును గాని యా నీతి మారదు. కొద్దిమంది పనిచేయు ముద్రణశాలకు, ఫలాహారశాలకు, శిక్షణాలయమునకు అధికారి రాకపోవచ్చును. ఆపద మాత్రము వచ్చును.

వ్యయమునకు వెరచు యజమానులకు మా విన్నపమిది. మెట్లమీది సామాను తీయించుటకు ధనమేల? లోపలినుండి తాళపుచెవి లేకయే తెరచుకొను గడియను వెనుకతలుపునకు బిగించినచో దొంగయు రాడు, పనివాడును చిక్కుకొనడు. ప్రతి యంతస్తునకు నొక బాధ్యుని నియమింపుడు: విద్యుత్తు నాపువాడెవడు, 101కి గాని 112కు గాని టెలిఫోను చేయువాడెవడు, వృద్ధులను, అవిటివారిని తోడ్కొనిపోవువాడెవడు నను సంగతి ముందుగనే నిర్ణయమై యుండవలెను. లిఫ్టు నెక్కరాదనియు, పొగలో వంగి నడువవలెననియు, విద్యుత్ మంటపై నీరు పోయరాదనియు క్రొత్తగ చేరినవానికి మొదటి దినముననే నేర్పుడు. వెలుపల నొక చెట్టునో, గుడియరుగునో కూడుకొను చోటుగ నేర్పరచి, అచ్చట తలలు లెక్కింపుడు. కుంభవృష్టి కురియు దినమున సెల్లారులో నెవ్వరిని కూర్చుండనీయకుడు. ఏటికి రెండుమార్లైనను పని నాపి యీ యభ్యాసము జరుపుడు. అరగంట పని చెడునని కొలువుకాండ్రును విసుగుకొనరాదు; ఆ యరగంట వారి ప్రాణముల కొరకే.

1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవున ఓడ ప్రేలినప్పుడు అసువులు బాసిన 66 మంది అగ్నిమాపక భటుల స్మృత్యర్థము దేశమంతట ఏటేట ఏప్రిల్ 14 మొదలు 20 వరకు వారోత్సవము జరుగుచున్నది. పరుల ప్రాణముల కొరకు మంటలలోనికి బోవు నా వీరులకు, లోపలివారు తామై వెలికి రాగల యేర్పాటు చేయుటకంటె మిన్నయైన గౌరవము లేదు. అంతవరకు వేచియుండ నక్కరలేదు. పాఠకులారా, ఈ పత్రికను మడిచి లేచునప్పుడు మీరు కూర్చున్న మందిరమునకు రెండవ తలుపెక్కడ నున్నదో యొకమారు చూడుడు. దానికి తాళమున్నచో తీయించి మరి యింటికి వెడలుడు.