నగర శివారు తీర్పు

ఆస్ట్రేలియాలోని సిడ్నీ మహానగరమునకు పడమర సుమారు 50 కిలోమీటర్ల దూరమున, నెపియన్ నది యొడ్డున పెన్రిత్ అను పట్టణమున్నది. పేరునకు ప్రత్యేక పట్టణమేగాని వాస్తవమున నది మహానగరపు కొట్టకొన శివారు. ఇచ్చటి గృహస్థులు పలువురు తెల్లవాఱకమున్నె రైలెక్కియో, మోటారెక్కియో దూరపు పనులకు పోయి ప్రొద్దుక్రుంకిన పిమ్మట నిల్లు చేరుదురు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర శాసనసభలోని 93 స్థానములలో పెన్రిత్ స్థానమొకటి. అయినను ఎన్నిక వచ్చినపుడెల్ల కక్షినాయకుల దృష్టి ముందుగా నిట్టి స్థానములమీదనే నిలుచుచున్నది. దీనికి గల కారణమును మన పాఠకులు గ్రహింపదగియున్నది.

1973లో నేర్పడిన యీ నియోజకవర్గము తొలుత కార్మిక కక్షికి పెట్టనికోట. 1988లో లిబరల్ కక్షి దానిని గైకొనెను. 1991లో మరల కార్మికుల వశమై 2010 వరకు నట్లే యుండెను. ఆ సంవత్సరము అవినీతి నిరోధక కమిషన్ విచారణలో సభ్యురాలు తన తప్పు నొప్పుకొని రాజీనామా చేయగా, జూన్ 19వ తేదీన ఉపయెన్నిక జరిగెను. నూటికి పాతిక వంతులకు పైగా నోట్లు అటునుండి యిటు మరలెను. లిబరల్ అభ్యర్థి స్టూవర్ట్ ఏర్స్ గెలిచెను. ఇది యొక్కరి తప్పునకు వేసిన శిక్షమాత్రమే కాదు. 2005 మొదలు 2009 లోపల మూడుమారులు ముఖ్యమంత్రులు మారిరి. కోట్లకొలది డాలర్లు వ్యయపఱచిన నగర మెట్రో పథకము 2010 ఫిబ్రవరిలో రద్దయ్యెను. మరుసటి సంవత్సరము రాష్ట్రమంతయు నా తీర్పునే వ్రాసెను: 93 స్థానములలో 69 లిబరల్–నేషనల్ కూటమికి దక్కెను.

ఓటు వేయకున్న జరిమానా విధించు దేశమది. కావున నిట్టి మార్పు ఓటర్లు ఇంటిపట్టుననుండుటవలన గలిగినదని కొట్టివేయ వీలులేదు. మనసు మార్చుకొన్నవారే చాలమంది యని యొప్పుకొనక తప్పదు.

ఆ పిదప కథ మఱియు గమనింపదగినది. ఎం4 రాజమార్గముమీద 2010లో తొలగిన మార్గసుంకము, మార్గమును వెడల్పుచేసిన భాగమున 2017 ఆగస్టులో మరల వచ్చెను. ఆ వెస్ట్‌కనెక్స్ పథకమునకు నాడు మంత్రిగానున్నవాడు పెన్రిత్ సభ్యుడే! ప్రభుత్వోద్యోగుల జీతముల పెంపుదలకు 2011లో విధించిన నూటికి రెండున్నర పరిమితి దాదులకును, ఉపాధ్యాయులకును భారమయ్యెను. 2019లో నాతని ఆధిక్యము నూటికి రెండు వంతుల లోపునకు దిగెను. 2023 మార్చి 25వ తేదీన కార్మిక కక్షి అభ్యర్థిని కారెన్ మెకియోన్ స్వల్పపు ఆధిక్యముతో స్థానమును గెలుచుకొనెను. జీతముల పరిమితి నెత్తివేయుదుమనియు, మార్గసుంకమును వారమునకు 60 డాలర్లకు మించనీయమనియు, సిడ్నీ నీటిసంస్థను అమ్మమనియు నా కక్షి వాగ్దానము చేసియుండెను. అది 45 స్థానములతో, నిండు మెజారిటీకి రెండు తక్కువగా, ప్రభుత్వము నేర్పఱచెను.

ఓట్ల పద్ధతియు నిచ్చట విచార్యము. రాష్ట్ర యెన్నికలలో ఓటరు అభ్యర్థులకు వరుసగా అంకెలు వేయవచ్చును; ఒక్కనికి మాత్రమే 1 వేసి యూరకుండవచ్చును. ఆ యొక్కడు పోటీనుండి తొలగిన, ఆ ఓటు లెక్కనుండి జాఱిపోవును. హోరాహోరీ స్థానమున చిన్న కక్షుల ఓట్లిట్లు జాఱిపోవుటయే ఒక్కొక్కప్పుడు ఫలితమును తేల్చును. స్వల్పపు ఆధిక్యమును ప్రజాభిప్రాయపు వెల్లువగా పొగడుకొనుట గెలిచినవారికి క్షేమము కాదు.

ఈ యోటరు చంచలుడని కొందఱు పండితులు తలతురు. మే మంగీకరింపము. కేంద్ర పార్లమెంటు విషయమున నీ ప్రాంతమునకు చెందిన లిండ్సే నియోజకవర్గము 2019, 2022, 2025 ఎన్నికలు మూడింటను లిబరల్ కక్షినే యెన్నుకొనెను. 2022లో కేంద్రమునకు లిబరల్‌ను పంపిన పట్టణమే పదినెలలలో రాష్ట్రమునకు కార్మికుని పంపెను. రైలు, ఆసుపత్రి, బడి, మార్గసుంకము రాష్ట్రపు పద్దు. పన్నులు, దేశరక్షణ కేంద్రపు పద్దు. రెండు పద్దులను వేఱువేఱుగా చూచువాని చంచలుడనుట న్యాయమా?

అయితే నొక కీడును దాచరాదు. హోరాహోరీ స్థానములకు వరములు కురియగా, ఫలితము ముందే తెలిసిన స్థానములు ఉపేక్షకు గుఱియగును. మన నగరముల చుట్టును శివారు పేటలు నానాటికి పెరుగుచున్నవి. వానికి నీరు, బాట, బడి యెన్నికల ముందు మాత్రమే జ్ఞప్తికి వచ్చుచున్నవి. వంశపారంపర్యముగ నొకే కక్షికి ఓటు ధారవోయువాడు ఆ కక్షి దయకు లోబడును. ఐదేండ్ల పద్దు ముందుంచుకొని వేలు గుర్తుపై మోపువానికే పాలకులు జవాబు చెప్పుదురు. పెన్రిత్ నేర్పు పాఠ మిదియే.