తల తిరిగితే తప్పెవరిది?

మొన్న సంక్రాంతికి మా అక్కయ్య కొడుకు ఓ నల్లటి పెట్టె తెచ్చాడు. కళ్ళకి బిగించుకుంటే గదిలో నిలబడే హిమాలయాలెక్కి రావచ్చట. వర్చువల్ రియాలిటీ అంటారు. బావగారు ఎక్కి దిగారు, పిల్లలెక్కి దిగారు. నేనెక్కిన నాలుగు నిమిషాలకే కడుపులో దేవి, అది పీకేసి గోడ పట్టుకున్నాను. "ఆడవాళ్ళకివి పడవమ్మాయ్" అని తీర్పు చెప్పేశారు బావగారు.

ఊరుకోవడం నా వల్ల కాలేదు. చదివింది బి.ఏ. అయినా, వారం రోజులు కూచుని ఈ పెట్టె గుట్టు తెలుసుకున్నాను.

మెచ్చుకోవలసింది ముందు మెచ్చుకుంటాను. వీటిని చేసేవాళ్ళకి మన కంటి లోకువలన్నీ తెలుసు. చెయ్యి చాచి బొటనవేలి గోరు చూడండి. ఒక్క చూపులో కన్ను స్పష్టంగా చూసేది సుమారు ఆ గోరంత మేరే. చుట్టూ మసకే. సెకనుకి మూడుసార్లు కన్ను గెంతుతుంది గనుక మనకా సంగతి తెలీదు. గెంతేటప్పుడు చూపు దాదాపు ఆగిపోతుంది కూడానూ. అద్దంలో మీ కుడికన్నూ ఎడమకన్నూ మార్చి మార్చి చూసుకోండి, కళ్ళు కదలడం పక్కవాళ్ళకి కనిపిస్తుంది గాని మీకు కనిపించదు! అంచేత 2023లో వచ్చిన ప్లేస్టేషన్ వీఆర్2 వంటివి కన్నెటు చూస్తోందో కనిపెట్టి, అక్కడే బొమ్మని నిండుగా గీసి, మిగతాచోట్ల పైపైన కానిచ్చేయగలవు. చుట్టాలొస్తే ముందుగది సర్ది వంటింటి తలుపు వేసెయ్యడం మనకి తెలీని విద్యా?

ఇంత సూక్ష్మం తెలిసినవాళ్ళకి ఆడదాని రెండు కళ్ళ మధ్య దూరం మాత్రం గుర్తుకు రాలేదు.

కళ్ళజోళ్ళ షాపులో కొలుస్తారే, ఈ కంటిపాప నుంచి ఆ కంటిపాపకి, అదీ దూరం. పెద్దవాళ్ళలో సగటు 63 మిల్లీమీటర్లు. ఆడవాళ్ళకి మగవాళ్ళకన్నా సుమారు 2 తక్కువ. అంతేనా అనకండి. అది సగటు లెక్క, 56, 57 వున్న ఆడవాళ్ళూ వున్నారు. కటకాలు ఆ దూరానికి కుదరకపోతే బొమ్మ అలుక్కుపోయి కళ్ళు పీకుతాయి. అయినా 2019 నాటి రిఫ్ట్ ఎస్‌లో కటకాలని 63.5 దగ్గర కదలకుండా బిగించేశారు. మరుసటేడు క్వెస్ట్ 2లో 58, 63, 68 అని మూడు మెట్లు పెట్టారు. అందరికీ ఒకే కొలత జాకెట్టు కుట్టి, పట్టనిదాని ఒళ్ళే తప్పు అన్నట్టు లేదూ?

2020లో అమెరికాలో కే స్టానీ, ఆవిడ తోటివాళ్ళూ చేసిన పరిశోధన అచ్చయింది. కటకాలు కుదరని ఆడవాళ్ళు, అందులోనూ ప్రయాణాల్లో వాంతులయ్యేవాళ్ళు, ఎక్కువ బాధపడ్డారు. కుదిరినవాళ్ళకి తిప్పినా మగవాళ్ళకి తిప్పినట్టే తిప్పింది, గంటలో తేరుకున్నారు. ఇంక "ఆడవాళ్ళకి పడవు" అన్న మాటెక్కడిది?

ఆటవస్తువుకింత గొడవేమిటంటారా? ఆపరేషన్లు చెయ్యడం కూడా ఇప్పుడీ పెట్టెల్లో నేర్పుతున్నారు. అక్కయ్య కూతురు మెడిసిన్ చదువుతోంది. రేపది తల పట్టుకుని కూచుంటే కటకాలని తప్పు పడతారా, పిల్లనా?

నిన్న షాపుకెళ్ళి కొలిపించుకున్నాను. నాది 58. మావాడి పెట్టె అట్ట మీద కొలత మొదలయ్యేదే 60 దాటాక. రెండంకెలూ కాగితం మీద రాసి బావగారికి పంపాను. జవాబింకా రాలేదు.