కొల్లేరును టన్నుల్లో కొలవకండి

చేపల ఉత్పత్తిలో దేశంలో మనమే ముందున్నామని పాలకులు చెప్పుకుంటారు. లెక్కంతా టన్నుల్లోనే. ఆ చేప బతికే నీరు ఎక్కడి నుంచి వస్తోంది, ఎటు పోతోంది అన్నది ఏ లెక్కలోనూ ఉండదు.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, మన పొలాల మురుగు కాల్వలు అందులో కలుస్తాయి. ఆ నీరు సముద్రంలోకి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. వరద వస్తే సరస్సు పట్టి నిలిపి, మెల్లగా వదిలేది. చుట్టుపక్కల వరికి అదే రక్ష. ఆ నాచులో, తూడులో కొర్రమేను, జెల్ల గుడ్లు పెట్టుకునేవి. లంక గ్రామాల వాళ్లు మావులు, వలలు వేసి బతికేవాళ్లు.

మొదట ప్రభుత్వమే సొసైటీల పేరుతో చెరువులు తవ్వించింది. వెనకాలే పెట్టుబడి పెట్టేవాళ్లు దిగారు. గట్లు లేచాయి, నీటి దారి మూసుకుపోయింది. 1999లో అయిదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు. 2006లో గట్లు కొట్టారు. మళ్లీ చెరువులు వెలిశాయి. లీజుకు తీసుకున్న పెద్దలు ఇంకోచోటికి పోగలరు. సొసైటీలో చిన్న వాటా ఉన్నవాడు ఎక్కడికి పోతాడు?

సముద్రంలో చేప గుడ్డు పెట్టాలని ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపుతున్నాం. మంచిదే. మరి సరస్సులో చేప గుడ్డు పెట్టే చోటునే గట్టు కట్టి మూసేస్తే ఏ నిషేధం కాపాడుతుంది?

ఇది పక్షుల గొడవ, మత్స్యకారుల గొడవ అని మనం ఊరుకోకూడదు. వానాకాలంలో నీరు లాగకపోతే మునిగేది మన వరే. వేసవిలో పై నీరు తగ్గితే ఉప్పునీరు ఉప్పుటేరు వెంట ఎగదన్నుతుంది. దాంతో పోయేది మన తాగునీరే. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చేరాల్సిందీ కొల్లేరుకే.

మన సభ్యుల్లోనూ పొలం చెరువులకు కౌలుకిచ్చిన వాళ్లున్నారు. సంఘం చెరువులకు వ్యతిరేకం కాదు. నీటి దారికి అడ్డంగా ఉన్న గట్టుకు వ్యతిరేకం.

అందుకే అడుగుతున్నాం. ముందు ఏరుల దారిలో ఉన్న గట్లు తీయాలి. ఉప్పుటేరు పూడిక తీయాలి. పట్టణాల, ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేశాకే వదలాలి. గట్టు కొట్టేముందే పేదల వాటాకు బదులు జీవనోపాధి చూపాలి. ఎంత నీరు నిలపాలో తేల్చే కమిటీలో అధికారులతో పాటు లంకల మత్స్యకారులూ, ఆయకట్టు రైతులూ కూర్చోవాలి.

ఈ నెల గ్రామ కమిటీలు తమ ఊరి మురుగు కాల్వ వెంట నడిచి, ఎక్కడ అడ్డుపడిందో రాసి పంపాలి. మన పోరాటం అక్కడి నుంచే మొదలు.