కాటాకు ముద్ర గలదు, కంప్యూటరు సాక్ష్యమునకో?

గుంటూరు మిరపయార్డునకు బస్తాలు తెచ్చిన రైతు మొదట చూచునది కాటా. దానిపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర యుండవలెను. భారత ప్రత్తి సంస్థవారు ప్రత్తి కొనునపుడు తేమ నూటికి 8 దాటినచో ధర తగ్గును. 12 దాటినచో సరకే తిరస్కృతము. తేమయంత్రపు అంకెపై సందేహము కలిగిన రైతు మరల చూడుడని నిలవేయును. బస్తా మిరపకాయలకే యింత జాగ్రత్త వలసినపుడు, మనుజుని స్వేచ్ఛను తూచు యంత్రమునకు ముద్ర యేది?

2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 7 ఏండ్లు గాని అంతకు మించి గాని శిక్షింపదగిన నేరములలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలమును చూడవలెనని విధించి, దాని నమలుపరచుటకు రాష్ట్రములకు ఐదేండ్ల గడువిచ్చినది. మంచిదే. లాఠీచే ఒప్పించుటకన్న శాస్త్రముచే నిరూపించుట మేలు. కాని ఆ సంహితయే 329వ సెక్షనులో, ప్రభుత్వ శాస్త్రజ్ఞుని బోనెక్కింపకయే ఆయన నివేదికను సాక్ష్యముగా గ్రహింపవచ్చు ననుచున్నది. సాక్ష్య అధినియమము 63వ సెక్షను కోరు ధ్రువపత్రమున హ్యాష్ విలువ యుండును. నకలు మారలేదని యది చెప్పునే గాని, లెక్క కట్టిన సాఫ్టువేరు సరియైనదని చెప్పదు.

యంత్రము పొరబడదందురా? 2015లో ఆస్ట్రేలియాయందలి క్వీన్స్‌లాండులో, డి.ఎన్.ఏ. మిశ్రమములను గణించు సాఫ్టువేరునందలి దోషము 60 కేసులను సోకెను. ఇంగ్లండున తపాలా శాఖవారి హొరైజన్ లెక్కలను నమ్మి 1999 మొదలు 2015 వరకు వందలాది నిరపరాధులను దోషులుగా నిర్ణయించిరి. ఆ తీర్పులను కొట్టివేయుటకు 2024లో పార్లమెంటు శాసనమే చేయవలసివచ్చెను.

యంత్రము మాట యటుండ, నివేదిక యున్నంతనే న్యాయము జరుగునా? తెనాలి విద్యార్థిని యొకతె 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నము హాస్టలున హతురాలయ్యెను. డి.ఎన్.ఏ. నివేదికయు చూపబడిన ఆ కేసున 2010లో ఒక యువకునకు శిక్ష పడెను. 2017లో హైకోర్టు అతనిని నిర్దోషియని విడిచెను. ఎనిమిదేండ్ల కారాగారవాసమును అతనికెవరు మరల నిత్తురు? బిడ్డను కోల్పోయిన తల్లిదండ్రులకెవరు సమాధానము చెప్పుదురు?

సాఫ్టువేరు తమ వ్యాపార రహస్యమని కంపెనీలవారు చెప్పుదురు. రహస్యమును కాపాడుటకు మార్గము లేకపోలేదు. 2021లో అమెరికాయందలి న్యూజెర్సీ అప్పీలు న్యాయస్థానము, గోప్యతా నిబంధనలకు లోబడి మూలకోడును ప్రతివాది పక్షమునకు చూపవలెనని యాజ్ఞాపించెను. వ్యాపారికి రహస్యము ముఖ్యమే. ముద్దాయికి ప్రాణమంతకన్న ముఖ్యము.

కావున మా కోరికలు మూడు: సాఫ్టువేరు పేరును, వెర్షనును, తప్పుల ప్రమాణమును ప్రతి నివేదికయందు చూపవలెను, ప్రయోగశాలకును పోలీసు శాఖకును సంబంధము లేని నిపుణులు దానిని పరీక్షింపవలెను, ముద్దాయి కోరినపుడు నివేదిక వ్రాసిన శాస్త్రజ్ఞుడు బోనెక్కి అడ్డుప్రశ్నలకు సమాధానమీయవలెను. ఇందు శాస్త్రమునకు అవమానమేమియు లేదు. పరీక్షకు నిలుచుటయే శాస్త్రలక్షణము. ముద్ర లేని కాటాపై మిరపకాయలనే తూచనీయని ప్రజలు, న్యాయమును మాత్రము తూచనిత్తురా?