జేబులో చాకు, చాకులో కత్తెర



సంక్రాంతి ముందురోజు సాయంకాలం మా ఫలక్‌నుమా స్టేషనులో ఎం.ఎం.టి.ఎస్. రైలు కోసం నిలబడి ఉన్నాము. ఆకాశం నిండా గాలిపటాలు. పాతనగరంలో ఆ నాలుగు రోజులు పిల్లలకు నేలమీద చూపు ఉండదు. ప్లాట్‌ఫారం చివర ఎనిమిదేళ్ల అబ్బాయి ఒకడు తెగిపడిన గాలిపటం కోసం పరుగెత్తి, దబ్బున పడ్డాడు. మాంజా దారం చీలమండకు నాలుగైదు చుట్లు బిగుసుకుపోయింది. వాడు లాగినకొద్దీ దారం లోపలికి దిగుతోంది. బురఖాలో ఉన్న తల్లి పరుగున వచ్చి బిడ్డను ఒళ్లో పెట్టుకొని, ఏమి చేయాలో తోచక పళ్లతో కొరకబోయింది.

మా జేబులో ఎప్పుడూ ఒక చిన్న మడత చాకు ఉంటుంది. సాయం చేయాలన్న తొందరలో దాని అలుగు విప్పి ముందుకు వంగాము. అంతే! ఆ తల్లి బిడ్డను గుండెకు అదుముకొని వెనక్కు జరిగింది. "నక్కో చాచా! చాకూ నక్కో!" అన్నది. చుట్టూ ఉన్నవారి మాటలు ఆగిపోయాయి. ఒక పెద్దాయన మా చేతివైపే చూస్తూ అడుగు ముందుకు వేశాడు. రెండంగుళాలు కూడా లేని ఆ అలుగు ఆ నిమిషంలో ఎంత పెద్దదిగా కనబడిందో మాకు అప్పుడు తెలిసింది.

తప్పు ఆమెది కాదు. 1990 డిసెంబరు నాటి అల్లర్లు, కర్ఫ్యూలు, కత్తిపోట్ల వార్తలు ఈ పేటల్లో పెద్దవారెవరూ మరచిపోలేదు. మా పక్కపేట పేరే శంషీర్‌గంజ్. శంషీర్ అంటే ఖడ్గమని అర్థం. పేరులో ఖడ్గం ఉన్నా ఎవరూ భయపడరు గాని, ముఖపరిచయం లేని మనిషి చేతిలో విప్పిన చాకు కనబడితే తల్లి గుండె ఆగిపోదా?

అలుగు మడిచేశాము. అదే చాకులో ఇంకొక పక్కన ఉన్న చిన్న కత్తెరను తెరిచి అరచేతిలో పెట్టి చూపించాము. అబ్బాయే ముందు గుర్తుపట్టాడు. "కైంచీ హై అమ్మీ!" అన్నాడు ఏడుపులోనే. ఆమె ముఖం తేటపడింది. కాలు మా ముందుకు చాపించింది. అంతలో స్టేషను ఉద్యోగి ఒకాయన దూరంనుండి కేకవేశాడు: "ఆగండి సార్! దారం రెండో కొస ఎక్కడుందో చూసి ముట్టుకోండి!" నిజమే! రైలుపట్టాల పైనున్న తీగలో 25,000 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. తడిసిన దారమైనా, లోహపు పొడి పట్టించిన మాంజా అయినా ఆ తీగకు తగిలి ఉంటే, లోహపు కత్తెరతో ముట్టుకొన్నవాడు బ్రతకడు. దారం కొస నేలమీదే పడి ఉందని చూసుకొన్న తరువాతనే ఒక్కొక్క చుట్టు కత్తిరించాము. చర్మం గీసుకుపోయింది గాని లోతుగా తెగలేదు. నీళ్లతో కడిగించి, దగ్గరలోని డాక్టరుకు చూపించి ధనుర్వాతపు ఇంజెక్షను సంగతి అడగమని చెప్పాము.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే మా ఇంటావిడ, "ఇన్నేళ్లుగా మోస్తున్నారు గదా, అందులో నిజంగా పనికివచ్చేది ఏదో ఈ రోజు తెలిసిందన్నమాట!" అన్నది. ఆమె మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. అందుకే ఈ నెల ఈ చిన్న వస్తువును గురించి నాలుగు మాటలు.

చాకు చేయలేనిది కత్తెర ఎలా చేస్తుంది?

చాకుతో దారం తెగాలంటే దాన్ని లాగి బిగించాలి, లేదా కింద ఏదైనా ఆనిక ఉండాలి. చర్మానికి బిగుసుకొన్న దారాన్ని లాగితే అది ఇంకా లోతుకు దిగుతుంది. చాకు జారితే మొన ఒంటిమీదికే వస్తుంది. కత్తెర అలా కాదు. దానికి రెండు అంచులు. ఒకటి కిందనుండి ఆనికగా నిలుస్తుంది, రెండవది పైనుండి దిగుతుంది. దారం ఆ రెండింటి మధ్యనే తెగుతుంది. లాగవలసిన పని లేదు. రెండు అంచులు కలిసిన చోటనే బలం ఆగిపోతుంది గనుక చేయి అదుపు తప్పదు. నడుమ ఉన్న కీలుకు ఎంత దగ్గరగా పెట్టి కత్తిరిస్తే అంత తక్కువ బలం చాలునని దర్జీలకు బాగా తెలుసు. మందపు గుడ్డను వారు కత్తెర మొనతో కత్తిరించరు, కీలు దగ్గరికి తెచ్చుకొంటారు.

రెండు కథలు, ఒకే సంవత్సరం

మా వీధిలో నిలబడి తలెత్తితే కొండమీద ఫలక్‌నుమా ప్యాలెస్ కనబడుతుంది. పైగా ప్రభువైన సర్ వికారుల్ ఉమ్రా దానికి 1884లో పునాది వేయించారు. తరువాత అది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్‌కు చేరింది. 2010నుండి పెద్ద హోటలుగా నడుస్తున్నది. అదే 1884లో ఎక్కడో స్విట్జర్లాండులో ఈబాక్ అనే చిన్న ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ అనే పనివాడు కత్తులు చేసే దుకాణం తెరిచాడు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో పనులు లేక జనం దేశాలు పట్టిపోయేవారు. తనవారికి ఊళ్లోనే పని చూపించాలని అతని ఆశ. 1891లో స్విస్ సైన్యానికి మడత చాకులు చేసి ఇచ్చాడు. 1897లో అధికారులకోసం ఇంకొంచెం తేలికైన చాకును తయారుచేసి నమోదు చేయించాడు. తల్లి 1909లో చనిపోయాక ఆమె పేరైన విక్టోరియానే సంస్థకు పెట్టాడు. 1921లో తుప్పుపట్టని ఉక్కును సూచించే 'ఇనాక్స్' అనే మాటను దానికి కలిపి విక్టోరినాక్స్ అన్నారు.

ఇందులో మేము గమనించినది ఒకటి ఉంది. సైనికునికి ఇచ్చిన ఆ మొదటి చాకులో అలుగు, బెజ్జం పొడిచే మొన, డబ్బా మూత తెరిచేది, స్క్రూడ్రైవరు ఉన్నవి గాని కత్తెర లేదు. కత్తెర తరువాత వచ్చి చేరింది. ఈనాడు ఇంటివారు, విద్యార్థులు, ప్రయాణికులు తాళపుచెవులకు తగిలించుకొనే ఆరు సెంటీమీటర్లు కూడా లేని చిన్న చాకులో కత్తెర ముఖ్యమైన భాగం. యుద్ధానికి వెళ్లేవాని అవసరం వేరు, సంసారికి కావలసినది వేరు.

రోజుకు ఎన్నిసార్లు?

ఆ సంక్రాంతి తరువాత ఒక వారంపాటు మేము గమనించాము. సోమవారం చొక్కా గుండీ దగ్గర వేలాడుతున్న దారం. మంగళవారం మందుల పట్టీనుండి రెండు మాత్రలు విడదీయడం. బుధవారం మనుమరాలి బడి ప్రాజెక్టుకు రంగు కాగితం. గురువారం పాల ప్యాకెట్టు. శుక్రవారం బస్సులో విరిగిన గోరు. శనివారం కొత్త తువ్వాలుకు కుట్టిన ధర చీటీ. ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంవారు పూలగుత్తులకు కట్టిన రిబ్బను. ఇవన్నీ కత్తెర పనులే. అలుగు తీసినది జామకాయకు ఒకసారి, అట్టపెట్టెకు ఇంకొకసారి మాత్రమే.

పాల ప్యాకెట్టు సంగతి వచ్చింది గనుక ఒక మాట. మూలను పూర్తిగా కత్తిరించి ఆ చిన్న ముక్కను పారవేయకండి. అంత చిన్న ముక్కలను ఏరేవారు ఉండరు. అవి మురికికాలువల్లోకి, పశువుల కడుపుల్లోకి చేరుతాయి. ముక్క ప్యాకెట్టుకే అంటుకొని ఉండేలా కొంచెం గాటు పెడితే చాలు. చేతిలో కత్తెర ఉన్నవారికి ఇది సులభం. పళ్లతో చించేవారికి కుదరదు.

కత్తెరకూ హద్దులున్నాయి

ఇది సర్వరోగ నివారిణి అని మేము చెప్పడం లేదు. మామిడిపండు కోయాలంటే చాకే కావాలి. మోకును, మందపు అట్టను, తీగను జేబు కత్తెరతో కత్తిరించబోతే కీలు వదులైపోతుంది. కీళ్లనొప్పులున్న పెద్దవారి వేళ్లకు అంత చిన్న కత్తెర ఇమడదు. వారికి వేళ్లు పట్టే రంధ్రాలున్న మామూలు కత్తెరే మేలు.

ముఖ్యంగా మధుమేహం ఉన్న సహోదరీ సహోదరులు పాదాల ఆనెలను ఇటువంటి కత్తెరతో తీసుకోవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి చిన్న గాటు తగిలినా తెలియదు. అది పుండై చివరకు కాలికే ముప్పు తేవచ్చు. అలాగే గోళ్లు తీసిన కత్తెరను సబ్బుతో కడిగి తుడవకుండా మందుల పట్టీకిగాని పాల ప్యాకెట్టుకుగాని వాడరాదు. ఆపదలో కాన్పు జరిగితే బొడ్డుతాడు కోయడానికి ఈ కత్తెరను తీయవద్దు. దానికి శుద్ధిచేసిన పరికరం ఉండాలి. అది వచ్చేవరకు బిడ్డను తల్లి ఒంటికి ఆనించి వెచ్చగా కప్పి ఉంచి, 108కి ఫోను చేయండి.

కొనేటప్పుడు, కొన్న తరువాత

బజారులో చూడముచ్చటైన బహుళ పరికరాల చాకులు ఎన్నో దొరుకుతాయి. పదిహేను పనిముట్లు ఉన్నవని మురిసిపోకండి. పలుచని పాలిథీన్ సంచి ముక్క ఒకటి తీసుకువెళ్లి, దుకాణంలోనే కత్తెర మొనతో కత్తిరించి చూడండి. తెగితే మంచిది. రెండు అంచుల మధ్య మడతపడి ఇరుక్కుంటే ఆ కత్తెర వదులని అర్థం. కత్తెరను తిరిగి తెరిచే చిన్న స్ప్రింగు విరిగితే మార్చుకొనే వీలుందో లేదో అడగండి. అది విరిగితే కత్తెర ఉన్నా లేనట్టే.

వాడిన తరువాత తుడవండి. నెలకొకసారి కీలు దగ్గర ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. మొద్దుబారితే సాన పట్టేవానికి ఇచ్చి, బయటి ఏటవాలు అంచుకే సాన పట్టమనండి. రెండు అంచులు ఒకదానికొకటి ఆనే లోపలిపక్కను రాపిడి పెడితే నడుమ సందు ఏర్పడి ఇక ఎప్పటికీ సరిగా తెగదు.

చాకు కొనే స్తోమత లేదా, చాకు అంటేనే భయమా? ఫ్యాన్సీ దుకాణాలలో దొరికే మడత కత్తెర చాలు. అదీ లేకుంటే బడిపిల్లల మొద్దుమొన కత్తెరను పాత కళ్లజోడు డబ్బాలో పెట్టుకొండి. విక్టోరినాక్స్ వారు కూడా అనేక దేశాలలో చాకులపై నిబంధనలు పెరుగుతున్నందున అలుగు లేని పరికరాలను తయారుచేసే ఆలోచనలో ఉన్నామని 2024లో ప్రకటించారు. అది వినగానే మాకు ఆ తల్లి ముఖం గుర్తుకు వచ్చింది.

ఒక జాగ్రత్త. విమాన ప్రయాణంలో దీన్ని చేతిసంచిలో గాని జేబులో గాని ఉంచవద్దు. లోపల వేసే పెట్టెలోనే పెట్టండి. శంషాబాదు విమానాశ్రయం మాకు ఎంతో దూరం కాదు, అయినా కుమార్తెను చూడబోయే సంతోషంలో తాళపుచెవులకున్న చాకును మరచి, తనిఖీ దగ్గర వదులుకొన్నాము. తప్పు మాదే. ఇప్పుడు ప్రయాణానికి ముందురోజే తాళపుచెవులు ఇంటావిడ చేతికి ఇస్తున్నాము.

మాంజాను గురించి

నైలాను, కృత్రిమ దారపు మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. అయినా చాటుమాటున అమ్ముతూనే ఉన్నారు, మన పిల్లలూ కొంటూనే ఉన్నారు. 2024 జనవరిలో మన నగరంలోనే లంగర్‌హౌజ్ ఫ్లైఓవరుపై ద్విచక్రవాహనంమీద వెళ్తున్న సైనికుడొకరు మెడకు మాంజా కోసుకొని ప్రాణం విడిచారు. నూలు దారం తెగిపోతుంది. నైలాను దారం తెగక మనిషినే కోస్తుంది. మీ పిల్లల చరఖాలో ఏ దారం ఉన్నదో ఈసారి పండుగకు ముందే చూడండి.

పక్షి చిక్కుకొంటే దారాన్ని లాగవద్దు. మెత్తని గుడ్డ కప్పి నెమ్మదిగా పట్టుకొని, కనబడుతున్న దారాన్ని మాత్రం కత్తిరించండి. మాంసంలోకి దిగిన ముక్కను పశువైద్యునికే వదిలివేయండి. మనిషికైనా అంతే. దారం లోతుగా దిగి రక్తం కారుతుంటే లాగక, పక్కన శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. విద్యుత్తు తీగలపై వేలాడే దారం జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

ప్రియులారా, మనం జేబులో పెట్టుకొనే వస్తువును చూసి పొరుగువాడు ధైర్యం తెచ్చుకోవాలేగాని భయపడకూడదు. సాయం చేయాలన్న మనసు ఒక్కటే చాలదు. ఎదుటివారికి అది సాయంగా కనబడాలి. ఆ సాయంకాలం మా మనసు మంచిదే గాని, ముందుగా తీసినది తప్పు పనిముట్టు.

ఆ అబ్బాయి ఇప్పుడూ అప్పుడప్పుడు స్టేషనులో కనబడుతుంటాడు. చీలమండమీద సన్నని తెల్లని గీత మిగిలింది. మమ్మల్ని చూడగానే చేయి ఎత్తి, "సలాం, కైంచీ చాచా!" అని కేకవేస్తాడు. పక్కనున్న తల్లి నవ్వుతుంది. మా వయసులో కొత్త పేరు రావడం అరుదు. ఈ పేరు మాకు చాలా నచ్చింది.