కంచు రోలు కథ

మిరియాలు, యాలకులు దంచుకునే చిన్న రోలు మీ ఇంట్లో ఉందా? అయితే ఈ కబురు మీకే!

16, 17 శతాబ్దాల్లో నేటి బెల్జియం, హాలెండ్ ప్రాంతాల్లో మసాలాలు, మందులు నూరడానికి కంచు రోళ్లు వాడేవారు. వాటిని పోతపోసిందెవరో తెలుసా? చర్చి గంటలు చేసేవాళ్లే! మెఖెలెన్ పట్టణంలోని వాన్ డెన్ గైన్ కుటుంబం ఇందుకు పేరుపడింది. చెక్క అచ్చులో తీసిన మైనపు బొమ్మల్ని నమూనా రోలుకు అతికించి, పైన మట్టి మెత్తి వేడి చేస్తే మైనం కరిగిపోయేది. నమూనా తీసేసి ఆ ఖాళీలో కంచు పోస్తే పూలతీగలు, జంతువులు ఉబ్బెత్తుగా తేలేవి. అంచు చుట్టూ 'నన్ను ఫలానాయన చేశాడు' అన్న అక్షరాలు, సంవత్సరం కూడానూ!

పాపం, రోజూ అందులో దంచిన ఆడవాళ్ల పేర్లు మాత్రం సాధారణంగా కనిపించవు. లోపల అరిగిన గుంటే వాళ్ల గుర్తు.

ఆ విషయంలో మనం నయం, గిన్నెలమీద పేర్లు కొట్టించుకుంటాం. పాత కంచు, ఇత్తడి సామాను తూకానికి వేసేముందు ఒక్కసారి తిప్పి చూడండి. మీ అమ్మమ్మ పేరు ఉందేమో!